తినడానికే ఊరెళ్తారా?

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. అందులోని విషయం ముందుగా క్లుప్తంగా చెబుతాను.

ఆమె వయసు 38. పెళ్ళయి పదమూడేళ్లు. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతారు. భర్త ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తారు. పాపకు 11 ఏళ్లు, బాబుకు 6. మామగారు లేరు. 67 ఏళ్ల అత్తగారు వీళ్లతోనే ఉంటారు. పెళ్ళికి ముందు భర్త ఉద్యోగ శిక్షణ కోసం ఏడాదిపాటు కలకత్తాలో ఉన్నారు. పరోటాలో మాంసం చుట్టి ఇచ్చే ఆ ఊరి రోల్సు గురించి, బిర్యానీలో వేసే బంగాళాదుంప గురించి, మట్టిపిడతలో తోడుపెట్టిన తియ్యటి పెరుగు గురించి పదమూడేళ్లుగా చెబుతూనే ఉన్నారు. ఈ మధ్య ఈమె చీటీ పాడారు. డబ్బు చేతికి రాగానే, "డిసెంబరులో మనిద్దరమే నాలుగు రోజులు వెళ్ళి, మీరు చెప్పేవన్నీ తిని వద్దాం" అని ఈమే అన్నారు.

భర్త సంతోషం పట్టలేకపోయారు. ఆ రాత్రే భోజనాల దగ్గర, "డిసెంబరులో మేమిద్దరం కలకత్తా వెళ్తున్నాం, పిల్లలు నీ దగ్గర ఉంటారమ్మా" అని తల్లితో చెప్పేసి చేయి కడుక్కోవడానికి లేచారు. అత్తగారు కోడలి వైపు చూసి, "పిల్లల్ని వదిలి తినడానికే ఊరెళ్తారా? నేనెక్కడా వినలేదమ్మా" అన్నారు. తర్వాత రెండు రోజులు ముభావంగా ఉన్నారు. పాప వచ్చి, "మమ్మల్ని వదిలేసి మీరు స్వీట్లు తింటారా?" అని అడిగింది. బాబు ఇంతవరకు తల్లి పక్కన లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. ఆమె ఎడమచేతి గాజు పట్టుకుంటే గాని నిద్రపోడు.

భర్త ఒక ఉపాయం చెప్పారు. కాళీఘాట్ అమ్మవారి దర్శనానికి వెళ్తున్నామని చెబితే అమ్మే దగ్గరుండి పంపిస్తుందన్నారు. అది నిజమేనని ఈమెకూ తెలుసు. కానీ మనసొప్పడం లేదు. "అబద్ధం చెప్పి వెళ్ళాలా? పిల్లల్ని కూడా తీసుకువెళ్ళాలా? అసలు మానుకోవాలా? కేవలం తిండి కోసం పిల్లల్ని వదిలి వెళ్ళాలనుకుంటున్న నేను స్వార్థపరురాలినా?" అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ చివరి ప్రశ్నకు సమాధానం మీ నాలుగో పేజీలోనే ఉంది. పోయిన పెళ్ళిరోజున నలుగురూ హోటలుకు వెళ్ళిన సంగతి రాశారు. బాబు ఏడుస్తుంటే మీరు బయట తిప్పారు, ఆయన తిన్నారు. తర్వాత ఆయన తిప్పారు, మీరు తిన్నారు. "ఇద్దరం ఒకే బల్ల దగ్గర తిన్నాం గాని కలిసి తినలేదు" అని రాశారు. ఇంకో చోట, "నేను తినే ఉప్మా ఎప్పుడూ బాబు వదిలేసిన ఉప్మానే" అన్నారు. పప్పన్నం పొయ్యిగట్టు దగ్గర నిలబడి తింటానని, మధ్యలో కుక్కరో కుట్టుమిషను దగ్గరికి వచ్చినవాళ్లో పిలిస్తే చేయి ఎండిపోతుందని రాశారు. ఇవన్నీ ఫిర్యాదులాగా రాయలేదు, ఏదో మాటల్లో మాటగా వచ్చేశాయి. అందుకే వాటిని నమ్ముతున్నాను.

పదకొండేళ్లుగా మీరు వేడి అన్నం కూర్చుని తినలేదు. మీకు కావలసింది కలకత్తా ఒక్కటే అయితే అది ఎప్పుడైనా దొరుకుతుంది. వేరొకరు వండి తెచ్చి మీ ముందు పెట్టాలి, అది వేడిగా ఉండగానే తినాలి, ఎదురుగా మీ ఆయన ఉండాలి, ఎవరూ మధ్యలో లేపకూడదు. మీరు అడుగుతున్నది ఇది. దీన్ని "కేవలం తిండి కోసం" అని మీరే రాసుకున్నారు చూడండి, ఆ "కేవలం" అన్న మాట దగ్గరే నాకు మీతో పేచీ.

మనవాళ్లలో పెళ్ళిచీర కొనడానికి కంచి వెళ్తామంటే ఎవరూ ముక్కున వేలేసుకోరు. మొక్కు తీర్చుకోవడానికి పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి తిరుపతి వెళ్తే ఎవరూ ఏమీ అనరు. తిండి కోసమంటే మాత్రం, అందులోనూ ఆడది అంటే, ఏదో తప్పు చేసినట్లు చూస్తారు. అదీ ఎక్కడ? గోదావరి ఒడ్డున! పుస్తెలు అమ్మయినా పులస తినాలని సామెత పుట్టించిన ఊళ్లలో. వరదనీటికి పులస ఎదురీదే రోజుల్లో ఒక్క చేప కోసం వేలు పోసే ఇళ్లు మీ వీధిలోనే ఉంటాయి. ఆ పులసే కలకత్తాలో ఇలిశ్. ఒకే జాతి చేప. అక్కడ హుగ్లీలోకి ఎక్కుతుంది, ఇక్కడ గోదావరిలోకి. రుచి కోసం తపించడం మీ ఊరికి కొత్త కాదు, మీ అత్తగారికి అంతకంటే కాదు. ఆమెకు కొత్తగా తోచింది కోడలు నోరు తెరిచి "నాకు తినాలని ఉంది" అనడం.

ఇప్పుడు ఆమె సంగతి చూద్దాం. ఆమె మాటను మీరు మందలింపుగా తీసుకున్నారు. నాకు అందులో భయం కూడా కనిపిస్తోంది. మీ ఆయన ఆమెను అడగలేదు, చెప్పారు. చెప్పి లేచి వెళ్ళిపోయారు. మోకాళ్లు పట్టేసిన మనిషి ఉదయం ఆరింటికి లేచి ఇద్దరు పిల్లలకు స్నానాలు, టిఫిను, క్యారేజీలు, ఏడుంబావుకు వచ్చే స్కూలు ఆటో, ఇవన్నీ ఎలా చూసుకోవాలి? నడుమ గ్యాసు అయిపోతే కొత్త బండ ఎవరు బిగిస్తారు? రాత్రి బాబు అమ్మ కావాలని ఏడిస్తే ఏం చేయాలి? ఇవేవీ ఆమె అడగలేకపోయారు. కొడుకుతో "నాకు చేతకాదు" అనడం ఏ తల్లికైనా కష్టం. అందుకని కోడలితో "తినడానికే వెళ్తారా" అన్నారు. ఆ ముభావంలో కోపం ఎంతో, తనవల్ల అవుతుందో కాదో అన్న దిగులు ఎంతో మీరు ఒకే ఇంట్లో ఉన్నారు కాబట్టి నాకంటే బాగా తేల్చగలరు.

ఇక మీ ముందున్న దారులు.

మొదటిది మీ ఆయన చెప్పిన ఉపాయం. దానివల్ల ఇంటి నుంచి సులువుగా బయటపడతారు, ఆ మాట నిజమే. ఆ తర్వాతి సంగతి ఆలోచించండి. నాలుగు రోజులూ ఫోనులో తీసిన ప్రతి ఫొటో దాచుకోవాలి. రాత్రి పిల్లలతో మాట్లాడేటప్పుడు "ఏం తిన్నావమ్మా?" అంటే మాట దాటేయాలి. మిఠాయి పొట్లాలు తెస్తే ఏ దుకాణం ముందు నిలబడి కొన్నారో చెప్పుకోలేరు. పైగా మీ పాపకు 11 ఏళ్లు. మొన్నటి భోజనాల దగ్గర అసలు మాట వినేసింది. ఇప్పుడు నాయనమ్మ దగ్గర కథ మారితే, అమ్మానాన్నలు నాయనమ్మకు అబద్ధం చెప్పారని దానికి తెలిసిపోతుంది. అమ్మకు ఆకలి వేస్తే దేవుడి పేరు చెప్పుకోవాలన్న పాఠం కూడా వెంటనే నేర్చుకుంటుంది. నేనైతే ఈ దారిలో వెళ్ళను. అయితే కాళీఘాట్‌కు నిజంగానే వెళ్ళండి. మెట్రో స్టేషను ఆ పేరుతోనే ఉంది, దిగి నడిచి వెళ్ళవచ్చు. "తినడానికి వెళ్తున్నాం అత్తయ్యా, అమ్మవారి దర్శనం కూడా చేసుకుని మీకు కుంకుమ తెస్తాం" అంటే రెండూ నిజాలే.

రెండోది పిల్లల్ని, వీలైతే అత్తగారిని కూడా తీసుకువెళ్ళడం. అది కూడా మంచి ప్రయాణమే, కానీ ఇది కాదు. మీ ఆయన రాసుకున్న జాబితాలో మొదటిది టిరెట్టా బజార్‌లో చీనావాళ్ల ఉదయపు ఫలహారం అన్నారు కదా. లాల్‌బజార్ దగ్గర ఆ వీధిలో తెల్లవారుతుండగానే ఆవిరి మీద ఉడికిన బన్నులు, చేప ఉండల సూపు అమ్మకానికి పెడతారు. బాగా పొద్దెక్కితే ఏమీ మిగలదు. డిసెంబరు చలిలో ఆరేళ్ల బాబును ఐదింటికి లేపి అక్కడికి నడిపిస్తే వాడు ఏమంటాడో మీకు తెలుసు. శ్యామ్‌బజార్‌లో నల్లగా మారేదాకా వేయించి వండే మాంసం కూర కొషా మాంగ్షో కారానికి పాప కళ్లలో నీళ్లు తిరుగుతాయి. రెండో రోజుకల్లా పెరుగన్నం దొరికే హోటలు వెతుక్కుంటారు. మీరు మళ్లీ వంతులవారీగా తింటారు. నలుగురూ, కుదిరితే ఐదుగురూ కలిసి వెళ్ళే ఊరు వేరే పెట్టుకోండి, వేసవి సెలవులకు. దాని పేరు పిల్లల్నే ఎంచుకోనివ్వండి. ఇద్దరి ప్రయాణాన్ని, కుటుంబ ప్రయాణాన్ని కలిపేస్తే రెండూ సగం సగం అవుతాయి.

మూడోది చిన్నగా మొదలుపెట్టడం. బాబు ఒక్క రాత్రి కూడా మిమ్మల్ని విడిచి ఉండలేదన్నారు. అలాంటి పిల్లవాడిని ఒకేసారి నాలుగు రాత్రులు వదలడం మీకూ కష్టమే, వాడికీ కష్టమే. శనివారం ఉదయం విశాఖపట్నం వెళ్ళి ఒక రాత్రి ఉండి ఆదివారం సాయంత్రానికి వచ్చేయండి. రైల్లో మూడు నాలుగు గంటల దారి, ఇంట్లో ఏదైనా అయితే వెంటనే తిరిగి రావచ్చు. ఇందులో ఒక చిక్కుంది. దగ్గరి ఊరు కాబట్టి ఫోను వచ్చిన ప్రతిసారీ మనసు స్టేషను వైపు లాగుతుంది. అదే ప్రయాణం అనుకుంటే నిరాశపడతారు. కలకత్తాకు ముందు ఒక పరీక్షగా చూస్తే చాలా పనికొస్తుంది. అత్తగారికి కూడా తన వల్ల ఏమవుతుందో, ఏం కాదో తెలుస్తుంది. కష్టమని తేలితే నాలుగు రోజులకూ మీ అమ్మగారినో చెల్లెలినో పిలిపించుకోవాలా, వంటకు మనిషిని పెట్టాలా అన్నది ముందే నిర్ణయించుకోవచ్చు.

నాలుగోది వచ్చే ఏడాదికి వాయిదా. బాబుకు ఏడేళ్లు వస్తాయి, ఇంకాస్త తేలిక. ఇంట్లో గొడవ నిజంగా పెద్దదైతే ఇదేమీ తప్పు కాదు. కానీ చీటీ డబ్బు ఏడాదిపాటు విడిగా నిలుస్తుందా అన్నది మీరే చెప్పాలి. నాకు తెలిసిన ఇళ్లలో నిలవదు. వాయిదా వేస్తే ఆ మొత్తాన్ని మీ పేరున డిపాజిట్ చేసి, నెల, తేదీ రాసి పెట్టుకోండి.

అందరికీ నిజం చెప్పి, ఏర్పాట్లు చేసి, ఈ డిసెంబరులోనే వెళ్ళడం ఐదో దారి. నా మనసు దీని వైపే ఉంది. అయితే దీనిలో మీరు గమనించని ముడి ఒకటుంది.

మీ ఆయన 23 చోట్ల జాబితా రాశారని, దాన్ని ఉత్తరంతోపాటు పంపారు. చూశాను. ప్రేమగా రాసిన జాబితా. కానీ ఆ 23లో మీరు ఎంచుకున్నది ఒక్కటి కూడా లేదు. అదంతా ఆయన ఇరవై ఏడేళ్ల వయసులో, పెళ్ళికి ముందు, స్నేహితులతో తిరిగిన కలకత్తా. మీరు నాలుగు రోజులూ ఆయన జ్ఞాపకాల వెనక నడిచి, ప్రతిచోటా "అప్పట్లో ఇంకా బాగుండేది" అన్న మాట విని తిరిగొచ్చే ప్రమాదం ఉంది. నాలుగు రోజుల్లో 23 చోట్లంటే రోజుకు ఆరు. అది తినడం కాదు, హాజరు వేయించుకోవడం. ఆయన్ని ఎనిమిదికి తగ్గించమనండి. తక్కినవి మీరు రాయండి. రోజుకు ఒక పెద్ద భోజనం, ఒక చిన్న ఫలహారం, ఒక మిఠాయి. ప్రతిచోటా ఒక్క ప్లేటే తీసుకుని ఇద్దరూ పంచుకోండి. కడుపు బాగుంటుంది, డబ్బూ మిగులుతుంది.

మీరు ఏం రాసుకోవాలో తెలియడం లేదంటారేమో. మీ నాలుకకు తెలిసినవే అక్కడ వేరే వేషంలో కనిపిస్తాయి, వాటితో మొదలుపెట్టండి.

ఆవ పెట్టిన కూర తిని పెరిగిన వాళ్లు మీరు. బెంగాలీలు ఆవను చేపకు పెడతారు. పాతూరి అని ఒకటుంది. భేట్కీ అంటే మన పండుగప్పే. ఆ ముక్కకు ఆవముద్ద, కొబ్బరి, పచ్చిమిర్చి పట్టించి అరటాకులో మడిచి, దారం కట్టి వండుతారు. అంచులు కమిలిన ఆకుపొట్లం అలాగే తెచ్చి మీ కంచంలో పెడతారు. దారం మీరే విప్పాలి. ఆకు తెరవగానే ఆవిరి ముక్కుకు ఘాటుగా తగులుతుంది. ముక్క వేలితో నొక్కితే పొరలు పొరలుగా విడిపోతుంది, ముల్లు ఉండదు. పక్కన వేడి అన్నం. పొట్లం విప్పిన ఐదు నిమిషాల్లో తినాలి, చల్లారితే ఆ రుచి ఉండదు. ఇలాంటివాటి కోసమే ఇద్దరూ వెళ్ళమంటున్నాను. డిసెంబరులో ఇలిశ్ కోసం వెంటపడకండి, అది వానాకాలపు చేప. దాని సంగతి మీకు గోదావరే చూపించింది.

ఆవనూనె వాసన మొదటి రోజు మీకు పడకపోవచ్చు. ఒక పూట ఓర్చుకోండి, రెండో రోజుకు అలవాటవుతుంది.

శనివారం మీరు నీసు ముట్టరని, ఆ రోజు వృథా అవుతుందని బాధపడ్డారు. వృథా కాదు. నన్నడిగితే అదే మంచి రోజు. ఉదయం పూరీలాంటి కొచూరి తినండి. చలికాలంలో పచ్చిబఠాణీల ముద్ద కూరి పొంగిస్తారు, మూకుడులోంచి తీసిన రెండు నిమిషాలకే పొంగు అణిగిపోతుంది కాబట్టి నిలబడి అక్కడే తినాలి. మధ్యాహ్నం పూర్తి భోజనం చెప్పి, వరస తప్పకుండా తినండి. మనం పప్పుతో మొదలుపెట్టి పెరుగుతో ముగించినట్లే వాళ్లకూ ఒక వరస ఉంది. ముందు శుక్తో, అంటే కాకరకాయ వేసిన చేదు కూర. తర్వాత పప్పు, వేపుడు. తర్వాత గసగసాల ముద్దతో వండిన ఆలూ పోస్తో. మనం గసగసాలు మసాలాకు చెంచాడు వేస్తాం, వాళ్లు కూరకే వాడతారు. అరటిపువ్వు కూర కూడా ఉంటుంది, దొప్పలు ఒలిచి నల్లటి పుల్లలు తీసేసే ఆ చాకిరీ ఎంతో మీకు తెలుసు. ఒక్క పూట ఎవరో ఒలిచింది మీరు తినండి. చివర తియ్యటి చట్నీ, అప్పడం, ఆపైన మట్టిపిడతలో మిష్టి దొయి, అంటే మీ ఆయన చెప్పే తియ్యటి పెరుగు. వెళ్ళే హోటల్లో చేప ముక్కలు కలవకుండా వండుతారా అని ముందే అడగండి. అక్కడ పప్పులో కూడా చేపతల వేసే వంట ఉంది. రోల్సు, చీనా ఫలహారం తినే చోట ఏ మాంసమో అడిగి తీసుకోండి. అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

డిసెంబరులో వెళ్ళడానికి ఇంకో పెద్ద కారణం నొలెన్ గుర్. మన పొలం గట్ల మీద ఉండే ఈతచెట్టే అక్కడా ఉంది. మనం దాని నుంచి కల్లు తీస్తాం, వాళ్లు చలికాలంలో రాత్రంతా కుండ కట్టి, తెల్లవారుజామున పులవకముందే నీరా దించి, కాచి బెల్లం చేస్తారు. ఆ బెల్లం వేసి పాలవిరుగుడుతో చేసే సందేశ్ లేత మట్టిరంగులో ఉంటుంది, కొంచెం పొగ వాసన వేస్తుంది. చలి తగ్గాక ఆ రుచి దొరకదు. నవీన్‌చంద్ర దాస్ 1868లో బాగ్‌బజార్‌లో రసగుల్లా చేసి అమ్మారని ఆ ఊరు గొప్పగా చెప్పుకుంటుంది. ఆ ఉత్తర కలకత్తా వీధుల్లోనే పాత మిఠాయి దుకాణాలు ఇప్పటికీ ఉన్నాయి. రసగుల్లా మనకూ దొరుకుతుంది, సందేశ్ మాత్రం అక్కడే తినాలి.

మీ ఆయన జాబితాలో బంగాళాదుంప బిర్యానీ ఉంచండి. అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో రాజ్యం పోగొట్టుకుని కలకత్తా చేరి మెటియాబ్రుజ్‌లో స్థిరపడ్డాడు, ఆయన వంటవాళ్లతో ఈ బిర్యానీ వచ్చింది. మాంసం ఖర్చు తగ్గించడానికి దుంప వేశారని కొందరు, అప్పట్లో దుంపే అపురూపమని కొందరు అంటారు. ఆ దుంప కోసం భార్యాభర్తలు పోట్లాడుకోవడం ఆ ఊళ్లో మామూలే, మీరూ పోట్లాడండి. న్యూ మార్కెట్ దగ్గర నిజామ్‌లో రోల్, అదే మార్కెట్ లోపల 1902 నుంచి నడుస్తున్న నహూమ్ అనే యూదుల బేకరీలో కేకు, ఈ రెండూ ఒకే సాయంత్రం అయిపోతాయి. క్రిస్మస్ వారంలో ఆ బేకరీ ముందు బారులు తీరతారు కాబట్టి నెల మొదట్లోనే వెళ్ళండి. బస విషయంలో ఒక్క మాట. 1984లో మొదలైన మెట్రో పాత లైను మీద శ్యామ్‌బజార్, ఎస్ప్లనేడ్, పార్క్ స్ట్రీట్, కాళీఘాట్ అన్నీ వరసగా వస్తాయి. ఆ లైనుకు దగ్గరలో గది తీసుకుంటే టాక్సీ బేరాలు తప్పుతాయి.

డబ్బు గురించి ఒక పేజీ రాశారు, నేను ఎక్కువ చెప్పను. అది మీరు సూది పట్టుకుని సంపాదించిన డబ్బు. మొత్తం ఎంత ఖర్చు పెడతారో ముందే మీ ఆయనతో అనుకుని దాని మీద నిలబడండి, మిగతాది పాప చదువుకు పక్కన పెట్టండి. అంతకుమించి ఎవరికీ లెక్క చెప్పనవసరం లేదు.

పాప ప్రశ్నకు సమాధానం చెప్పకుండా తప్పించుకున్నానన్నారు. చెప్పండి. "అవును, తింటాం. నాన్న, నేను కలిసి ప్రశాంతంగా తిని చాలా ఏళ్లయింది. నీకు తెస్తాం. వేసవిలో నువ్వు చెప్పిన ఊరు వెళ్దాం" అనండి. అలుగుతుంది. ఒక రోజు అలగనివ్వండి. ఆ అలకను మాన్పడానికి ప్రయాణం మానుకుంటానని మాత్రం అనకండి. అదే నోటితో ఒక పని కూడా అప్పగించండి. మీరు తిన్నవాటి పేర్లు రోజూ ఫోనులో చెబుతారు, అది ఒక పుస్తకంలో రాసిపెట్టాలి, వచ్చాక అందులో ఒకటి ఇద్దరూ ఇంట్లో వండాలి. ఆలూ పోస్తో పదకొండేళ్ల పిల్ల చేయగలదు.

బాబుకు మాటలతో చెబితే అర్థం కాదు. ఆ గాజే చెబుతుంది. విశాఖ వెళ్ళే రోజు రాత్రికి ముందు దాన్ని తీసి వాడి చేతికివ్వండి. నాయనమ్మ పక్కన పడుకుని అది పట్టుకోమనండి. మొదటి రాత్రి ఏడుస్తాడు. ఆ ఏడుపు విని మీరు వెనక్కి రాకుండా ఉంటే, రెండోసారి తక్కువ ఏడుస్తాడు. రోజూ సాయంత్రం వాళ్ల టిఫిన్లయ్యాక ఒక వేళకు ఫోను చేయండి. నిద్రవేళ చేయకండి, మీ గొంతు వింటే వాడికి దిగులు ఎక్కువవుతుంది. మీరు కలకత్తాలో ఉన్నప్పుడు గాజు పట్టుకున్నా వాడు పడుకోలేకపోతే, జ్వరం తెచ్చుకుంటే, మధ్యలో తిరిగి వచ్చేయడానికి వెనుకాడవద్దు. అది ఓటమి కాదు, ఇంకోసారి వెళ్తారు.

అత్తగారి దగ్గరికి ఎలా వెళ్ళాలో చెప్పమన్నారు. ముందు మీ ఆయన వెళ్ళాలి. "అడగకుండా చెప్పేశాను, తప్పయింది" అని తల్లితో ఆయనే అనాలి. అది మీరు మోయవలసిన బరువు కాదు. ఆ తర్వాత మీరు.

మీ ఉత్తరం చివరి పేజీ వెనక, పెన్సిలుతో, తర్వాత గుర్తొచ్చి రాసినట్లు రెండు వాక్యాలున్నాయి. "అత్తయ్య చెడ్డవారు కాదు. మామయ్యతో బెజవాడ వెళ్ళినప్పుడు హోటల్లో ఒకసారి ఇద్దరూ ఇడ్లీ తిన్నారట, ఆ సంగతి ఇప్పటికీ చెబుతారు." ఆరు పేజీల్లో నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. ఎప్పటి మాట అది? చట్నీ ఏమిటి? మామగారు ఏం మాట్లాడారు? అప్పుడు మీ ఆయన పుట్టారా, పుడితే ఎవరి దగ్గర వదిలి వెళ్ళారు?

ఈ ఆదివారం మధ్యాహ్నం మిషను ఆపేసి, ఆమె మోకాళ్లకు నూనె రాస్తూ ఆ ఇడ్లీల సంగతి అడగండి. తొందరపెట్టకుండా మొత్తం చెప్పనివ్వండి. ఆమె చెప్పడం పూర్తయ్యాక, డిసెంబరు మాట ఎత్తండి.